శంషాబాదు విమానాశ్రయ మార్గాలు: విజయపురి సౌత్ నుంచి ఒక పరిశీలన

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఆ నిర్మాణ క్రమంలో కృష్ణానది కుడిగట్టున ఏర్పడిన కాలనీ విజయపురి సౌత్. ఇక్కడివారు హైదరాబాదులో విమానం ఎక్కాలంటే సాగర్ రహదారిపై సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించాలి. బేగంపేట విమానాశ్రయం జంటనగరాల నడుమ ఉండటంవల్ల దానిని చేరే దారులు నగరవీథులే అయ్యాయి.

2008 మార్చి 23న శంషాబాదులో విమానాల రాకపోకలు మొదలయ్యాయి. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. కొత్త విమానాశ్రయం బెంగళూరు జాతీయ రహదారి చెంతనే ఉన్నా, నగరవాసికి ఆరాంఘర్ వరకు రద్దీ తప్పలేదు. మెహదీపట్నం, ఆరాంఘర్‌ల మధ్య 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరు 19న గాని ప్రారంభం కాలేదు. విమానాశ్రయం ముందు, దాని దారి తరువాత అన్నది ఇక్కడ గమనించదగిన క్రమం. ఆ వంతెనకు పెట్టిన పేరు, ‘వేయిపడగలు’ నవలను హిందీలోకి అనువదించిన పి.వి. నరసింహారావుది.

ఆ వంతెన ప్రధానంగా నగరవాసికి ఉపకరించింది. సాగర్ దారిన వచ్చేవారికి మార్పు తెచ్చినది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. సాగర్ రహదారి బొంగులూరు వద్ద దానిని కలుస్తుంది. అక్కడ మళ్లితే నగరంలోకి వెళ్లకుండానే శంషాబాదు చేరవచ్చు. నగర నడిబొడ్డుకు దూరమైన విమానాశ్రయం ఆ మేరకు పల్నాటి అంచుకు చేరువైంది. కనుక విమానాశ్రయ మార్గాల చరిత్రను నగరం వైపు నుంచి మాత్రమే రాస్తే అది సగం చరిత్రే అవుతుంది.