హంతకుడు ప్రభుత్వమే అయినప్పుడు: ఫ్రెంచి డిటెక్టివ్ నవలలో యుద్ధకాలం

డిటెక్టివ్ నవలకు ఒక శవం, ఒక హంతకుడు, ఒక పరిశోధకుడు ఉంటే చాలు. హంతకుడు దొరకగానే లోకం తిరిగి కుదుటపడుతుంది. కాని, ప్రభుత్వమే తన పోలీసుల చేత మనుషులను పట్టించి మరణశిబిరాలకు పంపిన దేశంలో ఈ కథాచట్రం నిలుస్తుందా? 1940లో జర్మనీకి లొంగిపోయి, విషీ ప్రభుత్వం కింద నాలుగేళ్ళు గడిపిన ఫ్రాన్సులో నేరసాహిత్యానికి ఎదురైన ప్రశ్న ఇది.

లియో మాలే నవల ‘120, రూ ద లా గార్’ 1943లో, జర్మన్ల ఆక్రమణ కొనసాగుతుండగానే వెలువడింది. మాలే స్వయంగా జర్మనీలో యుద్ధఖైదీగా ఉండి వచ్చినవాడు. అతని డిటెక్టివ్ నెస్టర్ బుర్మా కథ కూడా ఖైదీల శిబిరంలో మొదలై, లియోఁ మీదుగా పారిస్ చేరుతుంది. యుద్ధకాలపు జీవితం ఇందులో నేపథ్యంగా కనిపిస్తుంది. అయితే, సెన్సారు నీడలో వచ్చిన ఈ పుస్తకం ఆక్రమణదారుల నేరాల జోలికి పోదు. నేరం వ్యక్తులదిగానే మిగిలిపోతుంది.

బ్వాలో-నార్సెజాక్ జంట 1954లో రాసిన నవలది మరో దారి. హిచ్‌కాక్ ‘వర్టిగో’ (1958) సినిమాకు మూలం అదే. సినిమా కథ శాన్ ఫ్రాన్సిస్కోలో జరుగుతుంది. నవల మాత్రం 1940 నాటి పారిస్‌లో మొదలై, యుద్ధం ముగింపుకు వచ్చాక తిరిగి అందుకుంటుంది. చనిపోయిందనుకున్న స్త్రీని మళ్ళీ బతికించుకోవాలనే కథానాయకుడి పిచ్చితపనలో, ఓటమిని మరచి పాతరోజుల్లోకి పోవాలనుకున్న సమాజం ఛాయలు కనిపిస్తాయి. సినిమాలో ఆ యుద్ధం పూర్తిగా మాయమయింది.

నేరాన్ని నేరుగా రాజ్యం గుమ్మం దాకా తెచ్చిన నవల దిదియే దెనాంక్స్ రాసిన ‘మర్‌త్ర్ పుర్ మెమ్వార్’ (1984). 1961 అక్టోబర్ 17న కర్ఫ్యూకు నిరసనగా పారిస్‌లో ఊరేగిన అల్జీరియన్లపై పోలీసులు విరుచుకుపడ్డారు. అప్పటి అధికారిక లెక్క ప్రకారం మృతులు ముగ్గురు. చరిత్రకారుల అంచనాలు కొన్ని పదుల నుండి రెండువందల పైదాకా ఉన్నాయి. నవలలో ఆ రాత్రే ఒక చరిత్రోపాధ్యాయుడు హత్యకు గురవుతాడు. ఇరవై ఏళ్ళ తర్వాత అతని కొడుకు తులూజ్‌లో హతుడవుతాడు. ఇద్దరూ వెతుకుతున్నది ద్రాఁసీ చరిత్ర, అంటే యూదులను ఆష్విట్జ్‌కు పంపేముందు ఉంచిన ఊరి చరిత్ర. ఇన్‌స్పెక్టర్ కదాఁ పరిశోధన చివరకు ప్రభుత్వ దస్తావేజుల గదికి చేరుతుంది. పరిశోధకుడూ చరిత్రకారుడూ అక్కడ ఒకటవుతారు.

ఈ కల్పన వెనుక ఉన్న మనిషి మోరిస్ పపోఁ. 1961లో పారిస్ పోలీసు అధిపతి అతడే. 1942-44 మధ్య బోర్డోలో ఉన్నతాధికారిగా యూదుల తరలింపు పత్రాలపై సంతకాలు చేసినదీ అతడే. తర్వాత మంత్రి కూడా అయ్యాడు. 1981లో ‘ల కనార్ అంషెనె’ పత్రిక ఆ పత్రాలను బయటపెట్టింది. కోర్టు తీర్పు 1998లో గాని రాలేదు: మానవాళిపై నేరాలలో భాగస్వామ్యానికి పదేళ్ళ జైలు. అదీ బోర్డో నేరాలకే. 1961 నాటి హత్యలకు అతనిపై ఏనాడూ విచారణ జరగలేదు.

తీర్పుకు పద్నాలుగేళ్ళ ముందే ఆ రెండు నేరాలనూ ఒకే కథలో ముడివేసింది చవకధరకు అమ్ముడుపోయే డిటెక్టివ్ నవల. నవల తీర్పు చెప్పలేదు, శిక్ష వేయలేదు. కాని, ఆ రెండు తేదీలనూ విడివిడిగా మరచిపోయే వీలును పాఠకుడికి లేకుండా చేసింది.