రెండు బరంపురాలు

పిల్లల క్విజ్ పోటీలకు చరిత్ర, భూగోళం ప్రశ్నలు రాసిచ్చే పని కొన్నేళ్లుగా నా మీద పడింది. రాజుల పేర్లతో పెద్ద చిక్కు లేదు. ఊళ్ల పేర్ల దగ్గరే కలం ఆగుతుంది.

1857లో కొత్త తూటాలు ముట్టుకోమని 19వ బెంగాల్ దేశీయ పదాతి దళం మొండికేసింది ఎక్కడ? తరచు అడిగే ప్రశ్నే. తెలుగు క్విజ్ పుస్తకం బరంపురం అని జవాబిస్తే, గంజాం జిల్లాలోని మా పిల్లలు తమ ఊరేనని మురిసిపోతారు. కాని ఫిబ్రవరి 26న ఆ సంగతి జరిగింది వంగదేశంలో, ముర్షిదాబాద్ జిల్లా కేంద్రంలో. ఇంగ్లీషులో ఆ ఊరి పేరు చివర 'పోర్' అనీ, మా ఊరి పేరు చివర 'పూర్' అనీ రాయడం వాడుక. తెలుగులోకి వచ్చేసరికి రెండూ బరంపురాలైపోతున్నాయి. అందుకని నేను దాన్ని బహరంపూర్ అని రాస్తాను. మాది బరంపురమే.

మా రైలు స్టేషను పేరు బ్రహ్మపూర్. అదీ ఒప్పే, కాదనను. కాని ఒక పోటీలో బరంపురం అని రాసిన పిల్లవాడికి, బోర్డు మీది పేరు రాయలేదని సున్నా వేశారు. తాతల నాటి నుంచి ఇంట్లో పిలుచుకుంటున్న పేరు అక్షరదోషం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆ పిల్లవాడికి ఊరు తెలుసు, పేరూ తెలుసు.

పేరు కుదిరినా ఏడు చూడాలి. వి.వి.గిరి గారు 1894లో బరంపురంలో పుట్టారు. ఏ రాష్ట్రమంటే ఏం చెప్పాలి? అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. ఒరిస్సా విడి రాష్ట్రమై, మా ఊరు అందులో చేరింది 1936 ఏప్రిల్ 1న. ప్రశ్నలో 'ఇప్పుడు' అన్న ఒక్క మాట చేరిస్తే తగవు లేదు. రాధాకృష్ణన్ గారి తిరుత్తణి కూడా అంతే, 1960లో ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది.

భాషను బట్టి ఏర్పడ్డ తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 1956 అని అచ్చేసిన పుస్తకాలు ఇంకా కనిపిస్తాయి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. బళ్లారి మైసూరు వైపు వెళ్లిందీ ఆ రోజే, అక్కడి తెలుగువారు ఆ తేదీని పొరపడరు. అయినా 'స్వతంత్ర భారతంలో' అని చేర్చకపోతే 1936 నాటి ఒరిస్సా అడ్డొస్తుంది.

ఇక యానాం. ఫ్రెంచి పాలన పోయింది ఎప్పుడంటే నాలుగు తేదీలున్నాయి. 1954 జూన్ 13న ఊరు ఫ్రెంచివారి చేతుల్లోంచి జారింది. ఆ నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలైనాయి. చట్టరీత్యా బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. నాలుగూ నిజమే. ఒక్కటే రాసి మిగిలినవి తప్పనడం అన్యాయం. ఈసారి ప్రశ్నపత్రంలో నాలుగు తేదీలూ ఇచ్చి, ఏ రోజు ఏం జరిగిందో జతపరచమని అడిగాను.