చైనాలో తేయాకు కొనుగోలు: తూకం నుంచి రుచి వరకు తెలుసుకోవలసినవి

చైనాలోని తేయాకు దుకాణంలో డబ్బాపై '600' అని రాసి ఉంటే అది కిలో ధర కాదు. 'జిన్' అనే తూకానికి, అంటే 500 గ్రాములకు 600 యువాన్లని అర్థం. కిలో లెక్కన ఆ ఆకు ధర 1,200 యువాన్లు. అన్నింటినీ కిలోల్లో లెక్కవేసుకునే భారతీయ ప్రయాణికుడు పొరబడే అవకాశం మొదట ఇక్కడే ఉంది. 2020లో ఆగిపోయిన భారత్-చైనా నేరు విమాన సర్వీసులు 2025 అక్టోబరులో కోల్‌కతా-గ్వాంగ్‌జౌ మార్గంలో తిరిగి మొదలయ్యాయి. వ్యాపారం కోసమో, విహారం కోసమో వెళ్లి, తిరుగు ప్రయాణంలో తేయాకు తెచ్చుకోవాలనుకునే వారికి ఆ దేశపు తూకాలు, పేర్లు, దుకాణాల రివాజులు ముందుగా తెలిసి ఉండటం అవసరం.

జిన్‌లో పదో వంతు 'లియాంగ్', అంటే 50 గ్రాములు. కిలోగ్రామును 'గోంగ్‌జిన్' అంటారు. సంభాషణలో ముందున్న 'గోంగ్' చెవిన పడకపోతే లెక్క సగానికి సగం మారిపోతుంది. హాంకాంగ్‌లో ఇదే పేరుగల సంప్రదాయ తూకం సుమారు 605 గ్రాములు, తైవాన్‌లో 600 గ్రాములు. మరో చిన్న చిక్కు కూడా ఉంది. చైనీస్ భాషలో 'లియాంగ్' అనే మాటకే 'రెండు' అనే అర్థమూ ఉంది. అందువల్ల 100 గ్రాములు కావాలంటే 'లియాంగ్ లియాంగ్' అనకుండా 'అర్ లియాంగ్' అంటారు. వేళ్లతో ధర చెప్పే అలవాటు కూడా అక్కడ విస్తృతంగా ఉంది. బొటనవేలు, చూపుడువేలు చాపి చూపితే మనం రెండు అనుకుంటాం, వారికది ఎనిమిది. సందేహం ఉన్నచోట కాలిక్యులేటర్‌పై అంకె వేసి చూపించమనడం ఉత్తమం. దుకాణదారులు దానిని తప్పుగా భావించరు.

పేర్లలో ఉన్న మెలిక

చైనీయులు తేయాకును ఆరు తరగతులుగా విభజిస్తారు: ఆకుపచ్చ, తెలుపు, పసుపు, ఊలాంగ్, ఎరుపు, నలుపు. మనం 'బ్లాక్ టీ' అని పిలిచేది వారి దృష్టిలో 'హోంగ్ ఛా', అంటే ఎర్ర తేనీరు. వారు ఆకు రంగును కాక, కప్పులోని ద్రవం రంగును చూసి ఆ పేరు పెట్టారు. 'నల్ల తేనీరు' అని అనువదించి అడిగితే చేతికి వచ్చేది 'హేయ్ ఛా'. అది సూక్ష్మజీవుల సాయంతో పులియబెట్టి నిల్వ చేసిన, మట్టివాసన గల వేరే రకం. అస్సాం తేయాకుకు దగ్గరి రుచి కోరేవారు అన్‌హుయ్ రాష్ట్రపు చీమెన్, యునాన్ రాష్ట్రపు ఎర్ర తేయాకులను అడగాలి.

తేనీటికి తెలుగులో ఉన్న రెండు పేర్లూ చైనా నుంచి వచ్చినవే. ఫుజియాన్ తీరంలోని మిన్నాన్ భాషలో 'తే' అనే మాట సముద్ర వర్తకంతో ఐరోపాకు చేరి 'టీ' అయింది. మన 'తేయాకు'లో ఉన్నదీ అదే. 'ఛా' భూమార్గాన పర్షియన్ మీదుగా ప్రయాణించి 'చాయ్'గా స్థిరపడింది. అయితే 'ఛా' పలకడంలో స్వరం ముఖ్యం. కింది నుంచి పైకి లేపి పలికితే తేనీరు, పై నుంచి కిందికి దించి పలికితే 'నాసిరకం' అని అర్థం.

మల్లెపూలతో పరిమళం పట్టించిన తేయాకు బీజింగ్ వాసులకు ప్రీతిపాత్రం. మల్లెకు చైనీస్ పదం 'మోలీ'. సంస్కృత 'మల్లిక' నుంచి వచ్చిన మాట ఇది. మేలురకం తయారీలో తాజా మల్లెలను ఆకుతో పలుమార్లు కలిపి, వాసన పట్టాక పూలను ఏరివేస్తారు. కాబట్టి ఎండిన రేకులు దండిగా కనిపించినంత మాత్రాన అది గొప్ప సరుకని అనుకోరాదు. సిచువాన్‌లో మాత్రం అందం కోసం రేకులను ఉంచే పద్ధతి ఉంది.

ఎప్పుడు, ఎక్కడ

హాంగ్‌జౌ నగరంలోని పశ్చిమ సరస్సు పరిసరాల్లో పండే లాంగ్‌జింగ్ ఆకుపచ్చ తేయాకు ధరను పంచాంగం నిర్ణయిస్తుంది. ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్ పర్వానికి ముందు కోసిన లేత చిగురుకు అత్యధిక ధర. ఏప్రిల్ 20 ప్రాంతపు 'గూయూ', అంటే ధాన్యపు వాన అనే ఘట్టానికి ముందు కోసినది తరువాతి స్థానంలో ఉంటుంది. రోజువారీ సేవనానికి ఈ రెండో కోత చాలు. తొలి చిగురు కోసం చెల్లించే అదనపు సొమ్ములో ప్రతిష్ఠ వాటాయే ఎక్కువ. లాంగ్‌జింగ్ పేరుతో జెజియాంగ్ రాష్ట్రంలోని ఇతర ప్రాంతాల ఆకు కూడా చట్టబద్ధంగానే అమ్ముడవుతుంది. 'పశ్చిమ సరస్సు' అనే విశేషణం ఉన్నప్పుడే ఎక్కువ ధర సమంజసం. అక్టోబరులో గ్వాంగ్‌జౌ వాణిజ్య ప్రదర్శనకు వెళ్లేవారు లాంగ్‌జింగ్ కంటే, అప్పుడే కోతకు వచ్చే ఫుజియాన్ ఊలాంగ్ 'టియె గ్వాన్ యిన్' చూడటం మేలు. దాని శరత్కాలపు కోత పరిమళానికి ప్రసిద్ధి.

గ్వాంగ్‌జౌలోని ఫాంగ్‌త్సున్, బీజింగ్ పశ్చిమ రైల్వేస్టేషన్ సమీపంలోని మాలియెన్‌డావ్ వీధి పేరుపొందిన టోకు కేంద్రాలు. ఇలాంటి చోట్ల దుకాణదారు కొనుగోలుదారును కూర్చోబెట్టి, మూతగల పింగాణీ గిన్నెలో ఆకు వేసి, చిన్న కప్పుల్లో వరుసగా రుచి చూపిస్తారు. ఇది ఉచితం. రుచి చూసినందుకు కొనితీరాలన్న నియమం లేదు, కానీ గంటసేపు కూర్చుని ఉత్త చేతులతో లేవడం మర్యాద అనిపించుకోదు. 50 గ్రాములు కొన్నా సరిపోతుంది. కప్పు నింపినప్పుడు వేళ్లు మడిచి బల్లపై మెల్లగా తట్టడం దక్షిణ చైనాలో కృతజ్ఞతకు గుర్తు. రుచి చూసిన డబ్బాలోంచే ఆకు తీసి, కళ్లెదుట తూచి, సీలు వేయించుకోవాలి. పట్టువస్త్రం పరిచిన కానుక పెట్టెల్లో డబ్బు చాలావరకు పెట్టెకే పోతుంది.

జాగ్రత్త పడవలసిన చోట్లు

ఉచిత రుచికి పూర్తి విరుద్ధమైన తంతు ఒకటి బీజింగ్‌లోని వాంగ్‌ఫుజింగ్, తియానన్మెన్ పరిసరాల్లోను, షాంఘైలోని నాన్‌జింగ్ రోడ్డు, ప్రజా కూడలి వద్ద ఏళ్ల తరబడి సాగుతోంది. చక్కటి ఇంగ్లీషు మాట్లాడే యువతీయువకులు పలకరించి, ఫొటో తీయమని అడిగి, మాటల్లో పెట్టి 'సంప్రదాయ తేనీటి వేడుక' చూద్దామని ఒక గదికి తీసుకువెళతారు. చివర్లో వేల యువాన్ల బిల్లు వస్తుంది. వెంట వచ్చినవారు తమ వాటా చెల్లించినట్లు నటించడంతో అతిథి మొహమాటానికి లోనవుతాడు. వీధిలో పరిచయమైనవారి వెంట తేనీటికి వెళ్లకపోవడమే దీనికి మందు. ఇరుక్కుంటే పోలీసు సహాయానికి 110, వినియోగదారుల ఫిర్యాదుకు 12315 నంబర్లు ఉన్నాయి.

రెండో ఉచ్చు 'పురాతనం' అనే మాట. వూయీ పర్వతాల్లోని 'దా హోంగ్ పావ్' మాతృవృక్షాలు ఆరే. వాటి నుంచి కోతను 2006లో నిలిపివేశారు. చివరి కోతలోని 20 గ్రాములు 2007లో బీజింగ్ జాతీయ మ్యూజియానికి చేరాయి. మాతృవృక్షపు ఆకు అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో బేరం ముగించవచ్చు. ఆ చెట్ల నుంచి అంట్లు కట్టి పెంచిన పొదల ఆకు మాత్రం అదే పేరుతో విరివిగా, న్యాయంగానే దొరుకుతుంది.

యునాన్‌కు చెందిన పూఅర్ విషయంలో మరింత మెలకువ కావాలి. ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతుందనే నమ్మకంతో దానిపై జరిగిన సట్టా వ్యాపారం 2007లో కుప్పకూలింది. పూఅర్‌ను సాధారణంగా 357 గ్రాముల గుండ్రటి బిళ్లలుగా, ఏడేసి చొప్పున కట్టలు కట్టి అమ్ముతారు. కాగితంపై పాత సంవత్సరం అచ్చు వేయడం కష్టమేమీ కాదు. అందువల్ల వయస్సును చూసి కాక రుచిని చూసి ధర చెల్లించాలి. కొత్తవారికి తక్కువ ధరలో లభించే 'పక్వ' పూఅర్ చాలు. నీటితో తడిపి, రాశిపోసి త్వరగా మగ్గించే ఈ పద్ధతి 1973లో కున్‌మింగ్‌లో రూపుదిద్దుకుంది.

చెల్లింపులకు అలీపే, వీచాట్ యాప్‌లే ఎక్కువగా చెల్లుతాయి. రెండింటికీ విదేశీ కార్డులను అనుసంధానం చేసుకోవచ్చు. ప్రయాణానికి ముందే బ్యాంకులో అంతర్జాతీయ వినియోగాన్ని ప్రారంభింపజేసుకోవాలి.

ఇంటికి చేరాక లాంగ్‌జింగ్‌ను డస్ట్ టీ మాదిరి పాలు, చక్కెరతో మరిగిస్తే చేదు తప్ప మరేమీ మిగలదు. కాగిన నీటిని కొన్ని నిమిషాలు ఆరనిచ్చి, 80 డిగ్రీల ప్రాంతంలో ఆకుపై పోయాలి. అదే ఆకు రెండు మూడు సార్లకు పనికివస్తుంది. కోస్తా తేమకు ఆకుపచ్చ తేయాకు త్వరగా నీరసిస్తుంది కనుక గాలి చొరని పొట్లంలో ఫ్రిజ్‌లో ఉంచి, ఏడాదిలోపు వాడుకోవాలి. పూఅర్‌కు కొద్దిపాటి గాలి అవసరం. దానిని కాగితపు చుట్టులోనే, ఇంగువ, మసాలా డబ్బాలకు దూరంగా పెట్టాలి.