ఫుట్ దొరయు నెల్లూరు తీరమును

నెల్లూరు మండల చరిత్రమనిన మనకు వెంటనే తోచునవి మనుమసిద్ధి, తిక్కన సోమయాజి, ఉదయగిరి దుర్గము. అంతకు పూర్వ మీ తీరమున నెవరు బ్రతికిరి, ఏ పని చేసి బ్రతికిరి యను ప్రశ్న మన చరిత్రకారులలో బెక్కురకు దట్టినట్లు కానరాదు. శాసనము లేనిచో చరిత్రము లేదను భ్రమ మనలో నంతగా నాటుకొనినది. రాబర్టు బ్రూసు ఫుట్ దొరను (1834–1912) మేము స్మరించుట యీ హేతువుచేతనే.

ఆయన 1858లో భారత భూగర్భ పరిశోధనశాఖలో జేరి 1891 వఱకు బనిచేసెను. 1863 మే 30వ తేదీన చెన్నపురి చెంత పల్లవరములో ఎఱ్ఱకంకర గుంటయందు చెక్కినరాయి యొకటి యాయన కంటబడెను. ఫ్రాన్సులోని సోమ్ నదీలోయ రాతిపనిముట్లు మానవనిర్మితములేయని ఆంగ్లపండితు లంగీకరించి యప్పటికి నాలుగేండ్లే. అచ్చట చెకుముకిరాయి, ఇచ్చట క్వార్ట్జైటు. రాయి వేఱైనను చేతిదెబ్బ యొక్కటే యని యాయన పోల్చుకొనెను. ఆ సెప్టెంబరులోనే విలియం కింగుతో గలిసి అత్తిరంపాక్కమున మఱిన్ని పనిముట్లను గనుగొనెను. వానిలో నతిప్రాచీనములకు పదునైదులక్షల యేండ్ల వయస్సని 2011లో పండితులు ప్రకటించిరి.

మన తీరమునుగూర్చి 1879లో ఫుట్, 1880లో కింగు వివరణగ్రంథములు వెలువరించిరి. ఒంగోలు తాలూకా 1904 వఱకు నెల్లూరు మండలములోనిదే. ఆ ప్రాంతపు వేమవరమున పొరలుగా జీలు మట్టిరాతిలో చెట్ల యాకుల ముద్రలును, సముద్రజీవుల చిప్పల గుర్తులును గలిసియున్నవి. అనగా పదికోట్ల యేండ్లకు బూర్వమును సముద్ర మిచ్చట నేలనంటియే యుండెను. వేమవరము, బూదవాడ, పావులూరు అను మన పల్లెల పేళ్లనే ఆ శిలలకు బెట్టిరి. భూగర్భశాస్త్రజ్ఞులు నేటికి నవే వాడుచున్నారు. ఆ పల్లెల బడిపిల్లల పుస్తకములలో మాత్ర మీ ముక్క మేము చూడలేదు.

ఫుట్ దొర గొప్పతనము అందమైన రాయి నేరుటలో లేదు. పగిలినది, సగము చెక్కి పాఱవైచినది, పెచ్చు, నూఱిన గాడి – వీనినన్నిటి నాయన పనివాని జాడలుగా జదివెను. బళ్లారిచెంత కుప్పగల్లు కొండపై నల్లరాతి పెచ్చుల రాసులను జూచి, అది గొడ్డళ్లు చేసిన కర్మశాల యని నిర్ణయించెను. అట్టి గొడ్డళ్లనే షేవరాయి కొండల జనులు గుళ్లయొద్ద బెట్టి పూజించుచుండిరి! పూజించినవారు వానిని పోనీక నిలిపిరి, అదియు మేలే. ఆయన కూర్చిన సామగ్రి 1904లో మదరాసు మ్యూజియమునకు జేరినది. కుప్పగల్లు కొండనో, ఈ శతాబ్దారంభమున గ్రానైటుకొఱకు పగులగొట్టిరి.