మిస్సమ్మ: కథలో కలిసిన నవ్వు

తెలుగువారి దృశ్యకళల్లో హాస్యానికి చిరకాలం కథ వెలుపలే పీట వేశారు. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత ఘట్టాల నడుమ వచ్చే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్యపాత్రలు మూలకథతో పెద్దగా పని లేకుండానే రాత్రంతా కూర్చున్నవారి నిద్రమత్తు వదిలించి తెరమరుగవుతాయి. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ఆధారంగా 1940లోనే ‘బారిష్టర్ పార్వతీశం’ వంటి హాస్యచిత్రం వచ్చినప్పటికీ, కంటతడికీ నవ్వుకూ ఒకే కారణాన్ని కల్పించి కుటుంబమంతటినీ ఆహ్లాదపరచే పద్ధతి స్థిరపడింది మాత్రం నాగిరెడ్డి, చక్రపాణి నెలకొల్పిన విజయా సంస్థ చిత్రాలతోనే అనవచ్చు. వరకట్నాన్ని నవ్వుతూనే ఎత్తిచూపిన ‘పెళ్లిచేసి చూడు’ (1952) అందుకు బాట వేయగా, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955లో విడుదలైన ‘మిస్సమ్మ’ ఆ పద్ధతికి నిండుదనం తెచ్చింది.

రవీంద్రనాథ్ మైత్ర రచించిన బెంగాలీ నాటకం ఈ చిత్రానికి ఆధారం. అప్పాపురం జమీందారు తన బడికి పట్టభద్రులైన దంపతులే కావాలని ప్రకటించడంతో, నిరుద్యోగి ఎం.టి. రావు, తండ్రి చేసిన అప్పు తీర్చవలసిన క్రైస్తవ యువతి మేరీ భార్యాభర్తలుగా నటిస్తూ ఉద్యోగంలో చేరతారు. ఈ ఒక్క అబద్ధమే చిత్రానికి ఇరుసు: అది బయటపడుతుందేమోనన్న కంగారు నవ్వు పుట్టిస్తుంది, అది నిజమైతే బాగుండునన్న కోరిక మనసును మెత్తబరుస్తుంది. తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మిని తలచుకునే జమీందారు దంపతులు మేరీని సొంతబిడ్డలా ఆదరించడం, ఆ ఆదరణే ఆమెకు చిరాకు కలిగించడం ఏకకాలంలో హాస్యమూ కరుణా అవుతాయి. మేరీయే మహాలక్ష్మి అని ప్రేక్షకుడు ముందే పసిగట్టినా ఆసక్తి సడలదు. ఇటువంటి చిత్రాల్లో ఆనందం రహస్యంలో గాక, రహస్యం తెలిసినవాడి నిరీక్షణలో ఉంటుంది. అక్కినేని నాగేశ్వరరావు అపరాధ పరిశోధకుడుగా చేసే హడావుడి కూడా ఆ నిరీక్షణను పొడిగించేందుకే.

రేలంగి, రమణారెడ్డి పాత్రలు కేతిగాడి వారసులే అయినా, వారిని తొలగిస్తే కథ నిలవదు. రమణారెడ్డి పోషించిన డేవిడ్, అప్పు తీర్చకుంటే పెళ్లాడమని మేరీని వేధించబట్టే ఆమె అప్పాపురం చేరింది. పింగళి నాగేంద్రరావు సంభాషణలు ఎవరినీ కించపరచకుండా నవ్విస్తాయి. మేరీ పాత్రకు తొలుత ఎంపికైన భానుమతి తప్పుకోగా ఆ స్థానంలోకి వచ్చిన సావిత్రి, కోపాన్నే ఆకర్షణగా మలచి అగ్రనటిగా స్థిరపడింది.

తెలుగుతో పాటే తమిళంలో రూపొందిన ఈ కథను 1957లో ఎల్.వి. ప్రసాదే హిందీలో ‘మిస్ మేరీ’గా తీశారు, తమిళంలో నాయకుడైన జెమినీ గణేశన్ అందులోనూ నాయకుడు కాగా, మేరీగా మీనాకుమారి నటించింది.