వంటావార్పు

వంట అందరికీ తెలుసు. ‘వార్పు’ను మాత్రం కుక్కర్లు వచ్చాక మరిచిపోతున్నాం. ఉడికిన అన్నం గిన్నెను వంచి గంజి తీయడమే వార్చడం. రోజూ ఇంట్లో వినిపించే ఈ జంటమాటను తెలంగాణ ఉద్యమం నడిరోడ్డుకు తెచ్చింది. 2011లో సిద్దిపేట, హైదరాబాద్ వీధుల్లో నిరసనగా దారికి అడ్డంగా మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. ఎవరింట్లో ఏది ఉంటే అది తెచ్చారు. ఎవరొస్తారో, కూర ఏమవుతుందో ముందే తేల్చిన పని కాదు.

ఇలా వండి పెట్టడమే మరోచోట కళ అయింది. 1992లో రిర్‌క్రిట్ తిరవానిజ అనే కళాకారుడు న్యూయార్క్ గ్యాలరీలో థాయ్ కూర, అన్నం వండి వచ్చినవాళ్లకు పెట్టాడు. కళాలోకం దాన్ని కొత్త కళ అంది. నా దృష్టిలో మన రోడ్డు మీది పొయ్యి అంతకన్నా పదునైన కళ. అక్కడ కూర్చొని తిన్న ప్రతి మనిషీ దారిని ఆపిన మనిషే.

ఆ తర్వాత అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సమ్మె వార్తల్లోనూ ‘వంటావార్పు’ మాట వినిపించింది.