ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు మెట్లు

మన కులచరిత్రలు వ్రాయువారు ఆలయములను, దాతలను స్మరింతురు. మనవారు దినదినము ఎక్కి దిగిన మెట్లను స్మరింపరు. ఆ కొఱత నించుక తీర్పఁగోరి మేమిది వ్రాయుచున్నాము.

మగ్గము కూడు పెట్టని దినములలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి పద్మశాలీలు పెక్కురు బొంబాయి బట్టల మిల్లులకు వలసపోయిరి. వర్లీ, పరేలు పేటల చాళ్లలో కాపురముండిరి. ఆ తావుననే ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను గలదు. 1853 మొదలు 1860 వఱకు బొంబాయి గవర్నరుగా నుండిన లార్డు ఎల్ఫిన్‌స్టను పేర వెలసిన దది. దానిని ప్రక్కనున్న పరేలు స్టేషనుతో కలుపునది నడకవంతెన. దానికి ఇఱుకైన మెట్లు.

1982 జనవరి 18న సమ్మె మొదలయ్యెను. సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని విడిచిరి. పిదప మిల్లులు మూతపడెను. మనవారిలో కొందఱు భివండికి, కొందఱు స్వగ్రామములకు చేరిరి. మిల్లుల తావుల కార్యాలయముల మేడలు లేచెను. జనము పెరిగెను, మెట్లు పెరుగలేదు.

2017 సెప్టెంబరు 29, మహానవమి. వానకు జడిసి జనము మెట్లపై నిలిచిరి. రైళ్లు దిగినవారు వెనుకనుండి త్రోసిరి. ‘ఫూల్’ పడినదని యెవరో యనఁగా, ‘పుల్’, అనఁగా వంతెన, పడినదని వినఁబడెనని బ్రతికి బయటపడినవారు కొందఱు చెప్పిరి. ఒక యొత్తు, ఒక దీర్ఘము! ముప్పదియేండ్లు పిల్లలకు ఒత్తులు దిద్దిన మాకు ఆ వార్త చదివిననాఁడు అన్నము సహింపలేదు. 23 మంది మరణించిరి.

సైన్యమువారు కట్టిన క్రొత్త వంతెన 2018 ఫిబ్రవరి 27న తెఱవఁబడెను. ఆ యేడే స్టేషనుకు ప్రభాదేవి యను పేరు వచ్చెను.

మిల్లుపని చేసిన వృద్ధులు మన యూళ్లలో నింకను గలరు. ఏ చాలులో నుండిరో, ఏ మెట్లెక్కి ఏ మిల్లునకుఁ బోయిరో, యువకులు వారినడిగి వచ్చు మహాసభలోపల వ్రాసి యుంచవలెనని మా కోరిక.